షాబ్లీ: సీసా ఎంపిక నుంచి పళ్లెం దాకా

షాబ్లీ అనే ఫ్రెంచి తెల్ల వైన్ విషయంలో జరిగే పొరపాట్లు ముఖ్యంగా మూడు: మరీ చల్లబరచడం, మంచి సీసాను తొందరపడి తెరవడం, పక్కన కారమో చింతపండో ఉన్న వంటకం పెట్టడం. మూడింటికీ మూలం ఒక్కటే. ఈ వైన్ బలమంతా దాని పులుపులో, చివర నాలుక మీద మిగిలే ఉప్పదనంలో ఉంది. వాటిని కాపాడితే షాబ్లీ నిలుస్తుంది, లేకపోతే నీళ్ల నిమ్మరసంలా తేలిపోతుంది. కింద చెప్పేదంతా ఆ రెండు గుణాల్ని కాపాడుకోవడానికే.

ఎక్కడిది, ఎందుకలా ఉంటుంది

షాబ్లీ ఊరు పారిస్‌కి ఆగ్నేయంగా సుమారు 180 కిలోమీటర్ల దూరంలో, యోన్ జిల్లాలో, సరాన్ అనే చిన్న నది ఒడ్డున ఉంది. లెక్కకి బర్గండీ అనే వైన్ ప్రాంతంలో భాగమే, కానీ బర్గండీ నడిబొడ్డున ఉన్న బోన్ ఊరి కంటే షాంపేన్ ప్రాంతపు దక్షిణపు తోటలే దీనికి దగ్గర. ఆ ఉత్తరపు చలిలో ద్రాక్ష నెమ్మదిగా పండుతుంది, కాయలో పులుపు కరిగిపోకుండా నిలుస్తుంది. ఇక్కడ వాడే ద్రాక్ష ఒకటే రకం, షార్డొనే. వెచ్చని కాలిఫోర్నియాలో అదే ద్రాక్షతో చేసిన వైన్ అనాసపండు, వెన్న గుర్తుకొచ్చేలా ఉంటుంది. షాబ్లీలో పచ్చి ఆపిల్, నిమ్మతొక్క, తెల్లపూలు, తడిసిన రాయి వాసనలు ఉంటాయి.

నేల సంగతి కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే లేబుల్ మీది తరగతులు దాన్ని బట్టే వచ్చాయి. మంచి తోటలన్నీ కిమరిడ్జియన్ అనే సున్నపుమట్టి వాలుల మీద ఉన్నాయి. సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట అది సముద్రం. ఆ మట్టిలో కామా ఆకారంలో ఉండే చిన్న చిన్న ఆల్చిప్పల శిలాజాలు ఇప్పటికీ చేతికి దొరుకుతాయి. వాటి రుచే వైన్‌లోకి వస్తుందని చాలామంది అంటారు. రాతి రుచి వేళ్ల గుండా నేరుగా ద్రాక్షలోకి ఎక్కుతుందన్న మాటను శాస్త్రం ఒప్పుకోదు. ఆ నేల నీటిని పట్టి ఉంచి మొక్కకి కొద్దికొద్దిగా ఇస్తుంది, వాలు ఎండను పట్టి ఇస్తుంది. కాయ చక్కగా పండుతూనే పులుపు పోగొట్టుకోకపోవడానికి అది చాలు.

పులిసిన తర్వాత దాదాపు అన్ని షాబ్లీలకీ రెండో మార్పు ఒకటి జరుగుతుంది. ఆపిల్‌లో ఉండే పదునైన మాలిక్ ఆమ్లం బ్యాక్టీరియా వల్ల పాలలో ఉండే మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ తర్వాత కూడా ఇంత పులుపు మిగిలిందంటే మొదట్లో ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు. ఎక్కువమంది వైన్‌ని స్టీలు తొట్లలోనే ఉంచుతారు. లూయి మిషెల్ వంటి ఉత్పత్తిదారులు చెక్కను పూర్తిగా వదిలేశారు. రావెనో, దోవిసా వంటివారు పాత పీపాలు వాడతారు. పాత చెక్క వెనీలా వాసన ఇవ్వదు, వైన్‌ని కాస్త గుండ్రంగా చేస్తుంది. కొత్త పీపా వాసన గట్టిగా కొట్టే షాబ్లీ మాకు నచ్చదు. ఆ రుచి కావాలంటే బర్గండీలోనే దొరికే మరో తెల్ల వైన్ మ్యోర్సో కొనుక్కోవచ్చు.

లేబుల్ చూసి కొనడం

నాలుగు తరగతులున్నాయి. కింద పెతీ షాబ్లీ: కొండల పైభాగాన ఉన్న గట్టి రాతినేలల నుంచి వస్తుంది, తేలిక, నిమ్మ రుచి ముందుకొస్తుంది, రెండేళ్లలోపు తాగేయాలి. దాని మీద షాబ్లీ: ఉత్పత్తిలో పెద్ద భాగం ఇదే, పంట సంవత్సరం నుంచి రెండు నుంచి ఐదేళ్ల మధ్య బాగుంటుంది. తర్వాత ప్రెమియే క్రూ. లేబుల్ మీద సాధారణంగా తోట పేరు కూడా ఉంటుంది. నదికి కుడివైపు ఫూర్షోమ్, మోంతే ద తొనేర్, మోం ద మిలియో నిండుగా ఉంటాయి. ఎడమవైపు మోమాన్, వాయోన్, కోత్ ద లెషె సన్నగా, పదునుగా ఉంటాయి. ప్రెమియే క్రూలు పరిపక్వం కావడానికి ఐదు నుంచి పదేళ్లు పడుతుంది. పైన గ్రాన్ క్రూ: ఊరికి ఎదురుగా, నైరుతి ముఖంగా ఉన్న ఒకే కొండ, సుమారు 100 హెక్టార్లు, ఏడు పేర్లు. బ్లాన్షో, బూగ్రో, లె క్లో, గ్రెనూయ్, ప్రెజ్, వాల్మూర్, వోదెజీర్. వీటిని పదేళ్లకు ముందు తెరిస్తే పులుపు, బరువు విడివిడిగా తగులుతాయి, ఇంకా కలిసి ఉండవు. ఖరీదు పెట్టింది ఆ కలయిక కోసమే.

మొదటిసారి కొనేవారికి మా సలహా: మంచి ఉత్పత్తిదారు చేసిన మామూలు షాబ్లీ ఒకటి, అదే ఉత్పత్తిదారు ఎడమ ఒడ్డు ప్రెమియే క్రూ ఒకటి. గ్రాన్ క్రూ జోలికి వెళ్లకండి. 1923లో మొదలైన లా షాబ్లీజియెన్ సహకార సంఘం మొత్తం ఉత్పత్తిలో నాలుగో వంతుదాకా చేస్తుంది. దాని సీసాలు చాలా దేశాల్లో దొరుకుతాయి, నమ్మి కొనొచ్చు. లేబుల్ మీద 'వియెయ్ వీన్య్' అని ఉంటే ముసలి తీగల ద్రాక్ష అని అర్థం, కానీ ఎన్నేళ్ల తీగో చెప్పే చట్టమేమీ లేదు. ఆ రెండు మాటల కోసం అదనంగా డబ్బు పెట్టకండి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఒకటి గమనించాలి. అక్కడ సూపర్‌మార్కెట్లలో పెద్ద జగ్గుల్లో, అట్టపెట్టెల్లో షాబ్లీ పేరుతో చవక వైన్ కనిపిస్తుంది. పాత బ్రాండ్లకి ఆ పేరు వాడుకునే వెసులుబాటు మిగిలి ఉండటమే కారణం. అందులో షార్డొనే ఉండాలన్న నియమం కూడా లేదు. ఫ్రాన్స్ పేరు, 'అపెలాసియోం షాబ్లీ కోంత్రోలే' వంటి వరుస ఉంటేనే అది అసలుది.

పంట సంవత్సరం కూడా చూడాలి. 2018, 2022 వెచ్చటి ఏళ్లు. వైన్ మెత్తగా, పండుగా ఉంటుంది, త్వరగా తాగొచ్చు. 2014, 2021 చల్లటివి, పదును ఎక్కువ. 2014లో ఆ పదునుకి తగ్గ నిండుదనం కూడా ఉంది, 2021లో చాలా సీసాలు సన్నగా ఉంటాయి. 2016, 2017, 2021ల్లో వసంతంలో మంచు పడి చిగుళ్లు మాడిపోయాయి. అలాంటి రాత్రుళ్లు రైతులు తోటల్లో పెద్ద కొవ్వొత్తులు వెలిగిస్తారు, లేదా చిగుళ్ల మీద తెల్లవార్లూ నీళ్లు చిలకరిస్తారు. నీరు గడ్డకట్టేటప్పుడు విడుదలయ్యే వేడి చిగురును సున్నా డిగ్రీల దగ్గరే నిలుపుతుంది. నీళ్లు మధ్యలో ఆగితే మాత్రం నష్టం రెట్టింపవుతుంది. షాబ్లీ ధర ఏడాదికేడాదికి ఎక్కి దిగడం వెనక ఈ రాత్రుళ్లున్నాయి.

ఇంట్లో ఉంచడం, చల్లబరచడం

సీసాను పడుకోబెట్టి, 12 నుంచి 14 డిగ్రీల చీకటిలో ఉంచడం ఆదర్శం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏప్రిల్, మే నెలల్లో అల్మారా 35 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను పైకి నెడుతుంది, తర్వాత గాలి లోపలికి పోతుంది. వైన్ ఫ్రిజ్ లేకపోతే మామూలు ఫ్రిజ్ కింది అరలో పడుకోబెట్టండి. కొన్ని వారాలకి ఏమీ కాదు. నెలల తరబడి వద్దు, పొడిగాలికి బిరడా ఎండిపోతుంది. దుకాణంలో కిటికీ పక్కన నిలబెట్టిన సీసా, బిరడా మీది రేకు ఉబ్బి కనిపించే సీసా కొనకండి.

తాగే వేడిమి తరగతిని బట్టి మారుతుంది. పెతీ షాబ్లీ 8 డిగ్రీలు, షాబ్లీ 10, ప్రెమియే క్రూ 11 లేదా 12, గ్రాన్ క్రూ 12 నుంచి 14. ఫ్రిజ్ లోపల 4, 5 డిగ్రీలుంటుంది. రాత్రంతా ఉంచి తీసిన సీసాను అలాగే పోస్తే వాసన మూసుకుపోతుంది, నాలుకకి చల్లదనం, పులుపు తప్ప ఏమీ తెలియవు. చాలామంది షాబ్లీలో రుచి లేదనుకునేది ఇక్కడే. 30 డిగ్రీల గదిలో ఉన్న సీసా ఫ్రిజ్‌లో పెడితే రెండున్నర గంటల్లో సుమారు 10కి వస్తుంది. తొందరగా కావాలంటే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు, గుప్పెడు కల్లుప్పు వేసి సీసా మెడదాకా ముంచితే 20 నిమిషాలు చాలు. ఒట్టి ఐసులో గుచ్చితే పని జరగదు, ముక్కల మధ్య గాలి ఉంటుంది. ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే సీసా పగులుతుంది.

గ్లాసు కింద వెడల్పుగా, పైకి సన్నబడుతూ ఉండాలి. మూడో వంతుకి మించి పోయకండి. మన వేసవి గదుల్లో 75 మిల్లీలీటర్ల చొప్పున రెండుసార్లు పోయడం మేలు, పోసింది వెచ్చబడకముందే అయిపోతుంది. పదేళ్లు దాటిన గ్రాన్ క్రూని అరగంట ముందే తెరిచి, వీలైతే ఒక జగ్గులోకి వంచి ఉంచండి. లేతదానికి కూడా ఇది పనికొస్తుంది. తెరవగానే వచ్చే అగ్గిపుల్ల వాసన గాలి తగిలితే పోతుంది.

పోని వాసనలు వేరు. తడి అట్టపెట్టె, పాత గోనెసంచి వాసన వచ్చి పండు రుచి మాయమైతే బిరడా చెడింది. ఎంతసేపు ఉంచినా బాగుపడదు, దుకాణానికి తిరిగివ్వండి. ఐదారేళ్ల సీసా ముదురు బంగారు రంగుకి తిరిగి, దెబ్బతిన్న ఆపిల్ వాసన వస్తే గాలి తగిలి ముందే ముసలిదైంది. మంచి షాబ్లీ లేతగా ఉన్నప్పుడు పచ్చదనం కలిసిన లేత పసుపులో ఉంటుంది. సీసా అడుగున పటికబెల్లం పలుకుల్లా మెరిసేవి కనిపిస్తే మాత్రం భయపడక్కర్లేదు. అది చల్లదనానికి పేరుకున్న టార్టారిక్ ఆమ్లపు లవణం. ఆఖరి గుక్క వదిలేస్తే సరి.

ఆయిస్టర్లు

ఆయిస్టర్లు (ఆల్చిప్పలు), షాబ్లీ జోడీ గురించి అందరూ చెబుతారు, సరిగా చేసేవారు తక్కువ. ఫ్రాన్స్‌లో గుంట ఆయిస్టర్లను 0 నుంచి 5 దాకా అంకెలతో అమ్ముతారు, అంకె పెరిగేకొద్దీ పరిమాణం తగ్గుతుంది. షాబ్లీకి 3 తగినది, ఒక్కోటి 66 నుంచి 85 గ్రాములు. మనిషికి ఆరు. తట్టినా నోరు మూసుకోనిదాన్ని పారేయండి.

తువ్వాలు మడిచి ఎడమచేతిలో పట్టుకోండి. గుంటగా ఉన్న చిప్ప కిందకి, చదునైనది పైకి రావాలి. పొట్టి మందపు కత్తిని కీలు దగ్గర గుచ్చి, తోయకుండా తిప్పండి. టక్కుమని విడుతుంది. కత్తిని పై చిప్పకు ఆనించి జరిపితే దాన్ని పట్టుకున్న కండ తెగుతుంది. అప్పుడు లోపలి మొదటి నీళ్లు వంచేయండి. కొద్ది నిమిషాల్లో ఆయిస్టర్ మళ్లీ నీరు ఊరిస్తుంది. ఆ రెండో నీరు తక్కువ ఉప్పుతో, శుభ్రంగా ఉంటుంది. షాబ్లీకి సరిపోయేది అదే. మొదటి సముద్రపు నీళ్లతోనే తింటే వైన్ చప్పగా అనిపిస్తుంది.

ఉల్లి వేసిన వెనిగర్ పక్కన పెట్టడం ఆచారమే, షాబ్లీతో మాత్రం వద్దు. వెనిగర్ వైన్ కంటే పుల్లన, దాని తర్వాత గుక్క వేస్తే వైన్ పండు రుచి కోల్పోతుంది. రెండు చుక్కల నిమ్మరసం, మిరియాల పొడి, ఉప్పు వెన్న రాసిన రై రొట్టె చాలు. నమిలి మింగాక తాగండి, నోట్లో ఉండగా కాదు. ఎర్ర వైన్‌తో సముద్రపు తిండి నీచు వాసన కొట్టడానికి ఒక కారణం వైన్‌లోని ఇనుము చేపకొవ్వుతో కలవడం. తెల్ల వైన్లలో అది సాధారణంగా తక్కువ. నిఖార్సయిన మూలం తెలియని ఆయిస్టర్లను ఇక్కడ పచ్చిగా తినకండి. వెన్న, వెల్లుల్లి వేసి కాల్చుకున్నా షాబ్లీతో బాగానే కలుస్తాయి.

గూజేర్లు

మాంసం, చేపలు తినని ఇంటికి ఇది సరైన జోడీ. బర్గండీలో వైన్‌తోపాటు ముందుగా వచ్చేది ఈ జున్ను (చీజ్) బుగ్గలే. గుడ్లుంటాయి.

250 మిల్లీలీటర్ల నీళ్లు, ముక్కలు చేసిన 80 గ్రాముల వెన్న, అర చెంచా ఉప్పు కలిపి పొయ్యి మీద పెట్టండి. వెన్న కరగడం, నీళ్లు మరగడం ఒకేసారి జరగాలి. పెద్ద ముక్కలు వేస్తే వెన్న కరిగేలోగా నీళ్లు ఆవిరై కొలత తప్పుతుంది. మంట తగ్గించి 150 గ్రాముల మైదా ఒక్కసారిగా వేసి చెక్క గరిటెతో గట్టిగా కలపండి. ముద్దయ్యాక కూడా రెండు నిమిషాలు తిప్పుతూనే ఉండాలి, గిన్నె అడుగున సన్నని పొర అంటుకునేదాకా. తడి ఆరకపోతే గుడ్లు పట్టవు.

దించి ఐదు నిమిషాలు చల్లార్చండి, వేడిగా ఉంటే గుడ్డు ఉడికి ముక్కలవుతుంది. నాలుగు గుడ్లు ఒక్కొక్కటే వేసి, ఒకటి పూర్తిగా కలిశాకే ఇంకోటి వేయండి. నాలుగోదాన్ని గిలక్కొట్టి కొంచెం కొంచెంగా పోస్తూ చూడాలి. గరిటె ఎత్తితే ముద్ద నెమ్మదిగా జారి కోసుగా వేలాడితే సరిపోయింది. కారిపోతే గుడ్డు ఎక్కువైంది, అవి బిళ్లల్లా పరుచుకుంటాయి. ఇప్పుడు తురిమిన గ్రుయేర్ లేదా కొంతే జున్ను 120 గ్రాములు. అవి దొరక్కపోతే గట్టి గౌడా వాడండి. ప్రాసెస్డ్ చీజ్ వద్దు, నూనె కక్కి జిగురుగా మారుతుంది.

చెంచాతో నిమ్మకాయంత ముద్దలు ఎడంగా పెట్టి, ముందే వేడిచేసిన ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు, తర్వాత 180కి తగ్గించి 15 నుంచి 20 నిమిషాలు. మొదటి 20 నిమిషాలు తలుపు తీయొద్దు. లోపలి ఆవిరే వాటిని పొంగిస్తుంది, చల్లగాలి తగిలితే కూలిపోతాయి. బంగారు రంగొచ్చి, పక్కలు నొక్కితే గట్టిగా ఉన్నప్పుడు తీసి, సూదితో పొడిచి ఆవిరి వదలండి. గోరువెచ్చగా ఉండగా పెతీ షాబ్లీతో.

మిగతా పళ్లెం

ఉప్పు, కొవ్వు, కరకర ఉన్నవి షాబ్లీకి ఇష్టం. చల్లబరచిన షాబ్లీ నోట్లోని నూనెను కడిగేస్తుంది, ఉప్పు వైన్ పులుపును మెత్తబరుస్తుంది. వెల్లుల్లి, పార్స్లీ కలిపిన వెన్నతో చేసే బర్గండీ నత్తలు, ఆ ఊరి పందిపేగుల సాసేజ్ ఆండుయెట్ అందుకే దీనితో కలుస్తాయి. వేయించిన చేప, మీగడ పుట్టగొడుగుల కోడి, స్కాలప్‌లు ప్రెమియే క్రూకి. లాబ్‌స్టర్, పీత వంటి బరువైనవి గ్రాన్ క్రూకి. జున్నుల్లో మేకపాలవి, పక్క ప్రాంతపు షవూర్స్ బాగుంటాయి. తీపి పదార్థంతో ఏ షాబ్లీనీ కలపకండి, వైన్ చేదెక్కుతుంది.

మన భోజనంలో జోడీలు వెతికేటప్పుడు నిజాయితీగా ఉండాలి. ఆవకాయ, గోంగూర, చేపల పులుసు, గుత్తివంకాయ పక్కన ఇది నిలవదు. కారం మంటను ఆల్కహాల్ పెంచుతుంది, చింతపండు పులుపు ముందు వైన్ పులుపు చప్పబడుతుంది. పులస పులుసుకి షాబ్లీ తేవడం రెండింటికీ అన్యాయం. ఉప్పు, మిరియాలు, పసుపు మాత్రమే పట్టించి వేయించిన చందువ, ఎండుమిర్చి తగలని రొయ్యల వేపుడు, కొబ్బరిపాలతో చప్పగా వండిన పీతలు బాగా కుదురుతాయి. శాకాహారంలో పచ్చడి లేకుండా వేడి మినప గారెలు, వెన్న జంతికలు. మిరపకాయ మీద మనసు చావకపోతే ఆ పూట షాబ్లీ పక్కనపెట్టి కాస్త తీపి ఉన్న రీస్లింగ్ తెరవండి.

సీసా మిగిలితే బిరడా పెట్టి ఫ్రిజ్‌లో నిలబెట్టండి, రెండు మూడు రోజులు బాగుంటుంది. ఆపైన వంటకి. రెండు చిన్న ఉల్లిపాయలు సన్నగా తరిగి వెన్నలో మగ్గించి, 150 మిల్లీలీటర్ల వైన్ పోసి సగమయ్యేదాకా మరిగించి, 100 మిల్లీలీటర్ల క్రీమ్ కలిపితే వేయించిన చేప మీద పోయడానికి సాస్ సిద్ధం. వైన్ మరిగాకే క్రీమ్ వేయాలి. ముందే వేస్తే ఆ పులుపుకి విరుగుతుంది.